తేట లేని నీళ్లు

మా అత్తమ్మ నన్ను ఏళ్ల తరబడి ఒకే మాటతో ఏడిపించింది. పొద్దున్నే టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, మెడలో కంపెనీ కార్డు వేసుకుని నేను గడప దాటుతుంటే, అరుగు మీద కూర్చుని వక్క కొరుకుతూ అడిగేది.

"పోతున్నవా పిల్లా, గంజి గాయనీకె?"

"గంజి గాదు అత్తమ్మా, సాసు."

"ఏదైతేంది? గంజి గాయనీకె గేటుకాడ కార్డు జూపియ్యాల్నా? నేను నలభై ఏండ్లు గాసిన. నన్నెవ్వలు కార్డడగలే."

నాకు ముక్కు మీద కోపం. రోజూ వినే మాటే అయినా రోజూ మండేది. "నీ గంజి మన ఇంటి గల్మ దాటలేదు, నా సాసు గుట్ట దాకా పోతాంది" అని ఎదురు చెప్పి, ఆమె ఇంకో మాట అనేలోపు ఆటో ఎక్కేసేదాన్ని. అబద్ధమేమీ కాదు. మా సాసు హైవే మీద హోటళ్లకు పోయేది, యాదగిరిగుట్ట కింద మిర్చిబజ్జీల బండ్లకు పోయేది.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు చేరాను ఆ పనిలో. నార్కట్‌పల్లి దాటాక హైవేకి కాస్త లోపలగా, రేకుల కప్పుతో ఉండే చిన్న కంపెనీ. మొదట సీసాలు కడిగాను. తర్వాత మూతలు బిగించాను. మూడో ఏడు నన్ను పొడి కలిపే దగ్గర పెట్టారు. బస్తా మీద పెద్ద అక్షరాలతో మోడిఫైడ్ స్టార్చ్ అనీ, కింద 1442 అనీ ఉండేది. మేమందరం దాన్ని నలభైరెండు అనే పిలిచేవాళ్లం. చల్లటి నీళ్లలో ఉండలు కట్టకుండా దాన్ని కలపాలి, మరుగుతున్న టమాటా గుజ్జులో సన్నటి ధారగా పోయాలి, పోస్తూ తిప్పుతూనే ఉండాలి. కాసేపటికి గుజ్జు బరువెక్కి, గరిట ఎత్తితే నిదానంగా జారుతుంది.

మామూలు మొక్కజొన్న పిండి వాడితే ఏమవుతుందని ఒకసారి మా సూపర్‌వైజర్‌ని అడిగాను. ఆయన ఓపికగల మనిషి. మామూలు పిండి కూడా చిక్కబరుస్తుందట. కానీ వెనిగర్ పులుపుకూ అంతసేపటి మంటకూ తట్టుకోలేక తెగిపోతుందట. తెగకపోయినా, సీసాలో నాలుగు వారాలు నిలవుంటే నీరు వదులుతుందట. ఈ పొడిని ముందే మార్చి గట్టిచేస్తారు కాబట్టి నీటిని పట్టుకుని కూర్చుంటుంది, వదలదు. "చిక్కబడుడు గాదమ్మా గొప్ప, నీరు వదలకుంట ఉండుడు గొప్ప" అన్నాడు.

ఆ నీరు చూడటం కూడా నా పనే అయింది. ప్రతి వాయి నుంచీ ఒక సీసా తీసి కిటికీ పక్కన వరసగా పెట్టేవాళ్లం. వారానికోసారి నేను వాటిని కదపకుండా, వంగి, పైభాగం చూడాలి. గుజ్జు మీద వెంట్రుక మందాన నీటి గీత కనిపించినా ఆ వాయి గురించి రిపోర్టు రాయాలి. నా కన్ను తప్పదని కంపెనీలో పేరు. నాకూ గర్వంగానే ఉండేది, ఎందుకు దాచాలి?

గర్వం కింద ఒక చిన్న ముల్లు కూడా ఉండేది. టమాటా ధర ఎక్కిన నెలల్లో గుజ్జు తగ్గేది, పొడి పెరిగేది. సీసా చూస్తే తేడా తెలియదు. జనం చిక్కదనం చూసి అది టమాటా అనుకుంటారు. ఆ పొడితో ఎవరికీ చెడు జరగదని నాకు తెలుసు, అది తినే వస్తువే. కానీ ఒకటి చూపించి ఇంకొకటి తినిపిస్తున్నామేమో అనిపించేది. అత్తమ్మ గంజి అన్నప్పుడల్లా నాకు అంత మండటానికి ఇదీ ఒక కారణమేనని ఇప్పుడనుకుంటాను.

ఇక ఆమె గంజి సంగతి చెప్పాలి. గంజి అని ఊరికే అనేది గానీ ఆమె చేతి గొప్పంతా జొన్న అంబలిలో ఉండేది. సాయంత్రం కాచి మట్టి కుండలో పెడితే పొద్దుటికి పిండి అడుగుకు దిగి, పైన తేట నిలిచేది. ఆ కుండను ఎవరూ కదపడానికి వీల్లేదు. అత్తమ్మే వచ్చి, రెండు చేతులతో మెల్లగా వంచి, ఆ తేటను ఒక గిన్నెలోకి వంపేది. ఉప్పురాయి వేసి, ఉల్లిగడ్డ చితకొట్టి వేసేది. ఆ తర్వాతే మిగిలింది కలియబెట్టి అందరికీ పోసేది. తేట ఎప్పుడూ ఒక్కరికే. జ్వరమొచ్చినవాళ్లకు, లేదంటే నిండు చూలాలికి, ఎవరూ లేకపోతే ఎండలో దూరం నడిచొచ్చినవాళ్లకు. ఆ ఇంట్లో ఎవరి మీదా ప్రేమ ఉందని నోటితో చెప్పుకునే అలవాటు లేదు. తేట ఎవరికి పోసిందో చూస్తే తెలిసిపోయేది.

పెళ్లయిన రెండో ఏడు నాకు పచ్చకామెర్లొచ్చాయి. పదిహేను రోజులు నాకే పోసింది తేట. నేను తాగేదాకా గోడకానుకుని ఎదురుగా కూర్చునేది. "తాగు, మొత్తం తాగు, అడుగుకు ఇడువకు" అని గదమాయించేది. అందుకే తర్వాత ఆమె ఎన్ని మాటలన్నా నా కోపం ఆటో దిగేసరికి చల్లారిపోయేది.

మూడేళ్ల కింద చలికాలంలో, చాటలో పెసలు చెరుగుతూ చెరుగుతూ ఆమె కుడిపక్కకు ఒరిగిపోయింది. పక్షవాతం. నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాం. ప్రాణం దక్కింది. కుడిచేయి పనికి రాకుండా పోయింది, మూతి ఒక పక్కకు లాగింది, మాట ముద్దగా వచ్చేది. అన్నిటికంటే పెద్ద కష్టం నీళ్ల దగ్గర వచ్చింది. చెంచాడు నీళ్లు పోస్తే చాలు, కళ్లు ఎర్రబడేలా దగ్గేది.

మింగడం పరీక్ష చేసే ఒకమ్మాయి వచ్చి చూసింది. "నీళ్లు పల్చగుంటయి కదమ్మా, గొంతు సర్దుకునేలోపే జారిపోతయి. ఊపిరితిత్తులల్లకు పోతే నిమ్ము జేస్తది. గందుకే చిక్కగ చేసి ఇయ్యాలె. పల్చటిది ఏదీ ఇయ్యద్దు, మంచినీళ్లు, చాయ్, చారు, ఏదీ" అంది. చిక్కబరిచే పొడి డబ్బా ఒకటి చేతికిచ్చి, గ్లాసుకు ఎన్ని చెంచాలు వేయాలో, చెంచా వంచితే ఎలా జారాలో చూపించింది. "రోజుకు సరిపోను తాగకుంటే ముక్కుల నుంచి పైపు వెయ్యాల్సొస్తది" అని కూడా చెప్పింది.

అత్తమ్మ ఆ మాట వింది. పక్క మంచం మీద ఒక ముసలామెకు అదే పైపు ఉంది. పీక్కోకుండా ఆమె చేతులకు గుడ్డ చుట్టి మంచానికి కట్టారు. అత్తమ్మ ఎడమచేత్తో నా కొంగు పట్టుకుంది. "నాకద్దు బిడ్డా. గా పైపు నాకెయ్యనియ్యకు." అంత ముద్ద మాటలోనూ ప్రతి అక్షరం నాకు అర్థమైంది.

"నేనున్న గద, ఎందుకేస్తరు? ఫికర్ జెయ్యకు" అన్నాను.

ఇంటికొచ్చాక ఆ డబ్బా వెనక చిన్న అక్షరాలు చదివాను, పనిలో పడ్డ అలవాటు కదా. మోడిఫైడ్ మెయిజ్ స్టార్చ్, 1442. మా నలభైరెండే! కాకపోతే మా పొడి ఉడికితేగానీ చిక్కబడదు, ఇది చల్లటి నీళ్లలోనే చెంచా తిప్పుతుండగా చిక్కబడింది. ముందే ఉడికించి ఆరబెట్టిందన్నమాట. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"ఏందది?" అంది అత్తమ్మ మంచం మీది నుంచి.

"మందు" అన్నాను.

ఎందుకు అబద్ధమాడానో అప్పుడు ఆలోచించలేదు. మా సాసు ఆమె ఏనాడూ నాలుక మీద పెట్టలేదు. ఈ పొడి అదేనని తెలిస్తే అస్సలు తాగదనే భయం కాబోలు. మొదటి చెంచా నోట్లో పెట్టగానే ఆమె మొహం చిట్లించింది. "థూ, చీమిడి లెక్కున్నది."

"మంచిగుంటది అత్తమ్మా. నీళ్లే గద, జర చిక్కగున్నయి గంతే."

"దూప తీర్తలేదే."

"తీర్తది. తాగు."

ఆమె దాహమన్న ప్రతిసారీ ఇదే మాట, రోజుకు ఇరవైసార్లు అన్నాను. మంచిగుంటది, తీర్తది, తాగు. ఆమె ఒకటి రెండు గుక్కలు మింగి పళ్లు బిగబట్టేది. ఒకరోజు ఎడమచేత్తో గ్లాసు విసిరికొట్టింది. నేనూ ఊరుకోలేదు, "పైపు కావాల్నా నీకు, పైపు?" అని అరిచేశాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. నోరు జారానని తెలుసు, అయినా వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు. పది రోజులకు ఆమె పెదాలు పగిలాయి, నాలుక తెల్లబడింది. నీళ్ల కుండ వైపే చూస్తూ ఉండేది.

సెలవులు అయిపోయాయి. నేను పనికి పోవాల్సిన రోజు వచ్చింది. అత్తమ్మను చూసుకోవడానికి మహబూబ్‌నగర్ వైపు ఇచ్చిన మా ఆడబిడ్డ వచ్చింది. నెమ్మదైన మనిషి, తల్లంటే ప్రాణం. ఆమెకు పొడి కలపడం నేర్పుతుంటే నాకొక ఆలోచన వచ్చింది. పొడి అంటే ఏమిటి? పిండే కదా. చిక్కగా ఉంటే చాలు కదా. మరి ఇంట్లో జొన్నలుండగా, ఆమెకు ఇష్టమైన అంబలి ఉండగా, ఆమె నోటికి ఈ చీమిడి ఎందుకు? చిక్కదనం గురించి నాకొకరు చెప్పాలా? ఏళ్ల తరబడి గరిట ఎత్తి జారుడు చూసినదాన్ని!

తెల్లవారుజామునే లేచి అంబలి కాచాను. చల్లార్చి, దవాఖాన అమ్మాయి చూపించినట్టే చెంచా వంచి చూశాను. సరిగ్గా పొడి కలిపిన నీళ్లలాగే జారింది. ఉప్పు వేసి పట్టాను. అత్తమ్మ ఒక చెంచా మింగింది, ఇంకొకటి మింగింది. దగ్గు రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి ఆమెకు. "ఇగో... గిది అంబలి" అంది. గిన్నెలో సగం తాగింది. నాకు ఏనుగెక్కినంత సంబరం. మిగిలింది మూత పెట్టి, "మధ్యాహ్నం గిదే పట్టు" అని ఆడబిడ్డకు చెప్పి పనికి పోయాను.

ఆ మధ్యాహ్నం నేను కంపెనీలో కిటికీ పక్కన సీసాలు చూస్తున్నాను. ఒకటి, రెండు, మూడు. వంగి పైభాగం చూస్తున్నాను. ఎక్కడా నీటి గీత లేదు. ఫోన్ మోగింది. ఆడబిడ్డ ఏడుస్తోంది. అంబలి పట్టిందట, అత్తమ్మకు ఊపిరాడటం లేదట.

నేను దవాఖానకు చేరేసరికి ఆక్సిజన్ పెట్టి ఉంచారు. వరండాలో ఆడబిడ్డ నేల మీద కూర్చుని ఉంది.

"నేను జెప్పినట్టే పట్టినవా?"

"మూత దీస్తె అడుక్కు దిగిపోయింది వదినె. పైన తేట నిలిచింది. తేట వంపి అమ్మకు వోసిన."

"తేటెందుకు వోసినవే? కలుపకుంట తేటెందుకు వోసినవ్?" వరండా అంతా వినబడేలా అరిచాను.

ఆమె నా మొహం వైపు చూసింది. "మాకు జ్వరమొస్తె అమ్మ గదే వోసేది కద వదినె" అంది.

తేట అంటే ఏమిటి? నీరు. చిక్కదనం వదిలేసి పైకి తేలిన నీరు. వెంట్రుక మందం గీత ఉన్నా పట్టుకుంటానని విర్రవీగేదాన్ని, ఇంట్లో గిన్నెడు తేటను మరిచిపోయాను. అంబలి నిలవుంటే విడిపోతుందని మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకైతే తెలియకపోవడానికి వీలే లేదు, ఆ తేట తాగే కదా నేను లేచి కూర్చున్నది. ఆడబిడ్డ తప్పేమీ లేదు. తల్లి నేర్పిన ప్రేమ తల్లికే చూపించింది. తప్పు నాది. ఆ మాట అప్పుడే ఆమెతో అనాల్సింది. పక్కన కూర్చుని చేయి పట్టుకున్నాను గానీ నోరు రాలేదు.

నిమ్ము చేసింది. పైపు వేశారు. అత్తమ్మ ఎడమచేతికి గుడ్డ చుట్టి మంచానికి కడుతుంటే నేనే పట్టుకోవాల్సి వచ్చింది. ఆమె పెనుగులాడలేదు. నా వైపు చూసింది, అంతే. నేనున్నాను కదా అని చెప్పిన నోరు ఇదే. ఆ రోజు బాత్రూంలోకి పోయి కుళాయి విప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

పన్నెండు రోజులకు నిమ్ము తగ్గింది. మింగడం చూసే అమ్మాయి వచ్చి పైపు తీయించి, పొడి కలిపిన నీళ్లు నాలుగు చెంచాలు పట్టి చూసింది. గొంతు బాగానే పట్టుకుంటోంది అంది. "ఇగ తాగుడే ఉన్నది. సాయంత్రం వరకు ఎంత తాగుతదో చూస్తం. తాగకుంటే మళ్ల పైపే, ఇంటికి గూడ పైపుతోనే పోవాలె" అని వెళ్లిపోయింది.

నేను గ్లాసు కలిపాను. చెంచా నోటి దగ్గర పెట్టాను. అత్తమ్మ పెదాలు బిగించింది. మళ్లీ పెట్టాను. తల పక్కకు తిప్పింది. పైపంటే అంత భయమున్న మనిషి పైపు తీసిన గంటకే ఇట్లా మొండికేస్తే ఏం చేయాలి? "మంచిగుంటది అత్తమ్మా..." అని మొదలుపెట్టాను.

ఆమె ఎడమచేత్తో గ్లాసును నా వైపు నెట్టింది.

"నువ్వు తాగు ముందుగాల."

"నేనెందుకు?"

"తాగు."

అప్పుడు తట్టింది నాకు. ఇన్ని రోజుల్లో ఆ నీళ్లు ఒక్కసారి కూడా నేను నోట్లో వేసుకోలేదు. సాసులో ఎన్ని బస్తాలు కలిపానో లెక్క లేదు, ఆమెకు ఎన్ని చెంచాలు పట్టానో లెక్క లేదు. గ్లాసు ఎత్తి తాగాను. నీళ్ల రుచే. కానీ నీళ్లలా పోదు. నాలుక మీద బరువుగా కూర్చుంది, గొంతులోకి నెమ్మదిగా, తనకు నచ్చినప్పుడు దిగింది. పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్లు తాగలేదేమో, దాహంగానే ఉన్నాను. గ్లాసంతా అయిపోయింది. దాహం ఎక్కడిదక్కడే ఉంది. పైగా ఒక చెంబెడు మంచినీళ్లు తాగాలని గొంతు కొట్టుకుంది.

ఆమె కన్నార్పకుండా చూస్తోంది. "అడుగుకు ఇడువకుంట తాగినవా?"

"తాగిన."

"దూప తీరిందా?"

తీరింది అని నోటిదాకా వచ్చింది. అలవాటైన మాట కదా. ఆమె కళ్లు చూసి ఆగిపోయాను.

"తీరలే అత్తమ్మా."

"మరి?" అంది. కోపంగా కాదు. అన్ని రోజులుగా చెబుతున్నది ఒకరికి ఇప్పటికైనా వినబడిందన్నట్టు అంది. "మరి మంచిగుంటది, మంచిగుంటది అని ఎందుకంటివే?"

ఇక నాకు ఏడుపు ఆగలేదు. అంతా చెప్పేశాను. మందు కాదు, మా కంపెనీలో కలిపే నలభైరెండే అని చెప్పాను. అంబలి పెట్టమన్నది నేనేననీ, అది విడిపోతుందని మరిచింది నేనేననీ, ఆమె బిడ్డ తప్పేమీ లేదనీ చెప్పాను. పక్కనే నిలబడ్డ ఆడబిడ్డ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ మాట కోసం ఆమె పన్నెండు రోజులు ఎదురుచూసిందని అప్పుడు తెలిసింది.

అత్తమ్మ మూతి కదిలింది, పనిచేసే పక్క పైకి లేచింది. నవ్వుతోందని తెలుసుకోవడానికి నాకు ఒక క్షణం పట్టింది.

"అయితె గంజేనా?"

"గంజే అత్తమ్మా."

"గా మాట మొదాలే జెప్పొద్దా? గంజి నాకు కొత్తనా?" గ్లాసు వైపు చూసింది. "దీనికి తేట రాదా?"

"రాదు. పొద్దుగాల కలిపి పెట్టినా గట్లనే ఉంటది. నీరు వదలదు."

"తేట లేని గంజి గాస్తివి" అంది, పెద్ద నిట్టూర్పుతో. "కలుపు. తాగుత. మంచిగుంటదని మాత్రం అనకు."

ఆ సాయంత్రానికి రెండు గ్లాసులు తాగింది, ఒక్కో చెంచా, నిదానంగా. పైపు లేకుండానే ఇంటికి తీసుకొచ్చుకున్నాం. ఆమె ఇప్పటికీ పల్చటి నీళ్లు తాగలేదు, ఇక మీదట కూడా తాగలేకపోవచ్చు. నేను ఇంకా అదే కంపెనీలో కిటికీ పక్కన సీసాలు చూస్తున్నాను. టమాటా తగ్గిన నెలల్లో ఆ ముల్లు ఇంకా గుచ్చుతూనే ఉంటుంది. పొడి మీద మాత్రం నాకు కోపం పోయింది. అది చేసే పని అది చేస్తుంది, మాటలు చెప్పేది మనమే.

పని నుంచి రాగానే రెండు గ్లాసులు కలుపుతాను, ఒకటి ఆమెకు, ఒకటి నాకు. ముందు నేను తాగాలి, అది మా ఒప్పందం. నేను గ్లాసు దించేదాకా చూసి అడుగుతుంది.

"దూప తీరిందా పిల్లా?"

"తీరలే అత్తమ్మా."

అప్పుడు నోరు తెరుస్తుంది.